చిన్ ఏదో, చింగ్ ఏదో

చిన్నీ,

మొన్న ఫోన్లో "చైనా వంశాల పేర్లన్నీ ఒకేలా ఉన్నాయమ్మా, చిన్ ఏదో చింగ్ ఏదో తెలియట్లేదు" అని విసుక్కున్నావు కదా, ఫోన్లో చెబితే ఊఁ ఊఁ అంటూ వేరే పని చూసుకుంటావని ఉత్తరం రాస్తున్నా. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పినదాన్ని, కాస్త ఓపిక పట్టు.

చక్రవర్తుల వంశాల్లో చిన్ మొదటిది, చింగ్ చివరిది. అంతే. క్రీ.పూ. 221లో చిన్ షి హువాంగ్ మిగతా రాజ్యాలన్నీ జయించి లిపి ఒకటే, తూనికలు కొలతలు ఒకటే, ఆఖరికి బండి చక్రాల మధ్య దూరం కూడా ఒకటే ఉండాలన్నాడు. పదిహేనేళ్లకే వంశం కూలింది. ఆ ఏర్పాట్ల మీదే హాన్ వాళ్లు దాదాపు నాలుగు వందల ఏళ్లు ఏలారు. కాగితం, సిల్కు రోడ్డు నీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

నన్ను పట్టుకున్నది మాత్రం చైనా గోడా కాదు, చిన్ షి హువాంగ్ సమాధి దగ్గరి మట్టి సైనికులూ కాదు, పరీక్ష. సుయి వంశం ఉన్నదే 37 ఏళ్లు, కానీ రాత పరీక్ష పెట్టి సర్కారు ఉద్యోగులను ఎంచుకునే పద్ధతికి పునాది వేసింది వాళ్లే. ఆ తర్వాత టాంగ్, సాంగ్, మింగ్, చింగ్ అందరూ దాన్నే పట్టుకున్నారు, మంగోలుల యువాన్ వంశం కూడా కొన్నాళ్లు ఆపి 1315లో మళ్లీ మొదలెట్టింది. టాంగ్ కాలంలో మన ధరణికోట దాకా వచ్చి, కొన్ని నెలలుండి బౌద్ధ గ్రంథాలు చదువుకుని వెళ్లిన హుయాన్‌త్సాంగ్‌ని గుర్తుపెట్టుకుంటే ఆ వంశం మర్చిపోవు. చైనా మొత్తం చరిత్రలో చక్రవర్తి బిరుదుతో ఏలిన ఒకే ఒక్క ఆడమనిషి ఊ జెతియెన్ కూడా అప్పుడే, మధ్యలో 690 నుంచి 705 దాకా తన సొంత వంశం పేరుతో. పరీక్షలకు బాగా ప్రాధాన్యమిచ్చింది. కానీ ఆడపిల్లలు పరీక్ష రాయడానికి వీల్లేదు! ఇది చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.

సాంగ్ కాలంలో అచ్చు పుస్తకాలు చవకయ్యాయి, దాంతో రాసేవాళ్లూ పెరిగారు, సిఫారసులూ పెరిగాయి. అందుకని జవాబు పత్రం మీద పేరు కనపడకుండా కప్పేసి, చేతిరాత గుర్తుపట్టకుండా గుమాస్తాలతో మొత్తం మళ్లీ రాయించి, అప్పుడు దిద్దించేవాళ్లు. వెయ్యేళ్ల కిందటి మాట ఇది. మనకు ఇప్పుడు బార్‌కోడ్ ఉండి కూడా పేపర్ లీకుల టెన్షన్ తప్పట్లేదు చూడు.

మింగ్ వాళ్ల గురించి నౌకాదళాధిపతి జెంగ్ హ ఓడలు (1405-1433, మన కాలికట్ కూడా వచ్చాయి), బీజింగ్ కోట రాస్తే చాలు. నాంజింగ్‌లో చింగ్ కాలానికి 20 వేలకు పైగా పరీక్ష గదులుండేవి, గదంటే ఒక మనిషి ఇరుక్కుని కూర్చునేంత. రెండు చెక్కలు, ఒకటి కూర్చోవడానికి, ఒకటి రాసుకోవడానికి, రాత్రికి రెండూ కలిపితే మంచం. నీ హాస్టల్ గది గుర్తొచ్చింది, నవ్వకు.

పరీక్ష తప్పినవాళ్ల సంగతే పుస్తకాల్లో తక్కువ రాస్తారు. పదే పదే తప్పిన హువాంగ్ చావో ఉప్పు వ్యాపారంలో దిగి, తిరుగుబాటు చేసి 881లో టాంగ్ రాజధానినే ఆక్రమించాడు. నాలుగుసార్లు తప్పిన హాంగ్ షియూచువాన్ 1850లలో లేపిన తైపింగ్ తిరుగుబాటులో కోట్ల మంది పోయారు, చింగ్ వంశం మళ్లీ నిలదొక్కుకోలేదు, 1905లో పరీక్షలు రద్దు చేసింది, 1912లో ఆరేళ్ల పుయీతో అదీ అయిపోయింది. మింగ్ కాలంలో లీ షిజెన్ అనే ఆయన మాత్రం మూడుసార్లు తప్పాక తండ్రి చేసే వైద్యంలోకే వచ్చి, ఏళ్ల తరబడి కొండలూ పల్లెలూ తిరిగి దాదాపు 1,900 మందుల గురించి రాశాడు.

రెండు మార్కుల్లో పరీక్ష పోయిందని నువ్వు చెప్పిన రోజు నాన్న అన్నం సరిగ్గా తినలేదు, నీకు చెప్పొద్దన్నాడు, చెప్పేశాను. మళ్లీ రాస్తావో, ఇంకేదైనా చూస్తావో నీ ఇష్టం, మా ఇద్దరికీ ఒకటే. సున్నుండలు పంపుతున్నాం, శనివారానికి అందుతాయి. డబ్బా మాత్రం పండక్కి వచ్చేటప్పుడు తెచ్చెయ్, అది అమ్మమ్మది.

అమ్మ