వైఫై దొంగ మా గీజరే

సంపాదకులకు నమస్కారం,

పక్కింటివాళ్లు మన వైఫై వాడేస్తున్నారేమోనని అనుమానపడేవాళ్లు నాలాగే చాలామంది ఉంటారు, వాళ్ల కోసం ఈ ఉత్తరం. పోయిన నెలలో నెట్ మరీ నత్తనడక నడుస్తుంటే, మా అమ్మాయి ఫోన్లో చెబుతుండగా బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి రౌటర్ పేజీ తెరిచాను. నలుగురం ఉండే ఇంట్లో 13 కనెక్షన్లు! ఒకటి డెస్క్‌టాప్ అని, దాని వెనక 7 పిచ్చి అక్షరాలు. రెండింటికి అసలు పేరే లేదు. ఇంకోటి ఈఎస్‌పీ అని మొదలై ఏవో అంకెలు. ఈ ఈఎస్‌పీ ఎవడా అని టెన్షన్ పట్టుకుని, పై వాటాలో అద్దెకుండే కుర్రాణ్ణి మెట్ల మీద ఆపి అడిగేశాను కూడా. "అంకుల్, నాకు ఫోన్లో వచ్చే డేటానే మిగిలిపోతోంది, మీ వైఫై నాకెందుకు" అన్నాడు పాపం.

చివరికి ఇంట్లో ఒక్కో వస్తువూ ఆపుతూ, జాబితాలో ఏది మాయమవుతోందో చూసుకుంటూ పోతే దొరికింది. బాత్రూంలో గీజర్‌కి పెట్టిన, ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే స్మార్ట్ ప్లగ్! దాని యాప్‌లో మేము గీజర్ అనే పేరు పెట్టుకున్నాం, కానీ ఆ పేరు యాప్‌లోనే ఉంటుందట, రౌటర్‌కి మాత్రం లోపలి చిప్ పేరే చెబుతుందట.

ఆ ఆదివారం అన్నింటికీ బారసాల చేశాం. మొదట మనుషుల పేర్లతో పెట్టాం, అదే పొరపాటు. మన ఇళ్లలో ఫోన్ ఒకరి దగ్గర ఉండదు కదా, అబ్బాయి కొత్తది కొంటే పాతది వాళ్లమ్మకి, ఆవిడది మామ్మగారికి. నెల తిరక్కుండానే మా ఆవిడ పేరున్న ఫోన్లో మా అమ్మ ప్రవచనాలు వింటోంది. కంప్యూటర్‌కి పేరెలా పెట్టాలో చెబుతూ 1990లోనే ఇంటర్నెట్ పెద్దలు ఆర్‌ఎఫ్‌సీ 1178 అని ఒక పత్రం రాశారు, సొంత పేరు పెట్టొద్దని అందులో అప్పుడే ఉంది. ఇంకో సంగతి, ఫోన్‌కి మన పూర్తి పేరు పెడితే హోటల్ వైఫైకి కలిసినా ఆ పేరు అక్కడి రౌటర్‌లో కనపడే అవకాశం ఉంది.

అందుకని ఇప్పుడు కదలని వాటికి గది, వస్తువు: హాల్-టీవీ, గది2-ప్రింటర్, బాత్-గీజర్. చేతులు మారే ఫోన్లకి కంపెనీ, కొన్న సంవత్సరం. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, మధ్యలో అడ్డగీత మాత్రమే. ఖాళీ వదలకూడదు, అండర్‌స్కోర్ వద్దు, విండోస్ కంప్యూటర్ ఉంటే 15 అక్షరాలు దాటకపోవడం మంచిది. తెలుగులో కొట్టి చూశాను, మా రౌటర్ తీసుకోలేదు, ఆ బాధ నాకుంది. కంప్యూటర్‌కి సెట్టింగ్స్‌లో, ప్రింటర్‌కి దాని నెట్‌వర్క్ మెనూలో మార్చాలి. ప్లగ్‌లాంటి మొండి వాటికి రౌటర్ పేజీలోనే పేరు రాసుకోవాలి.

పేరొక్కటే పెట్టి ఊరుకుంటే సగం పనే అయినట్టు. మా ఊళ్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ప్రింటర్ పనిచేయడం మానేసేది, రౌటర్ దానికి కొత్త ఐపీ నంబర్ (ఇంటి నెట్‌వర్క్‌లో ఒక్కో వస్తువుకి ఇచ్చే చిరునామా) ఇచ్చేయడం వల్ల కంప్యూటర్ పాత నంబర్ దగ్గరే వెతుక్కునేదన్నమాట. రౌటర్‌లో ఈ నంబర్లు పంచే డీహెచ్‌సీపీ అనే చోట అడ్రస్ రిజర్వేషన్ ఉంటుంది, అక్కడ ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కి ఒక నంబర్ కట్టేశాక ఆ గొడవ లేదు. మ్యాక్ అంటే తయారీలోనే వస్తువుకి ఇచ్చే 12 అక్షరాల గుర్తు, మొదటి 6 చూస్తే చాలాసార్లు ఎవరి తయారీయో తెలిసిపోతుంది. ఫోన్లతో మాత్రం జాగ్రత్త. ఈమధ్య ఫోన్లు అసలు మ్యాక్ దాచిపెట్టి ఒక్కో వైఫైకి ఒక్కో ఉత్తుత్తిది చూపిస్తాయి. బయట అది మంచిదే, ఇంటి వైఫై ఒక్కదానికి సెట్టింగ్‌లో ఆపేసుకోవచ్చు, కానీ వైఫై పేరు మార్చిన రోజున మళ్లీ ఆపాలి, లేకపోతే పాత ఫోనే కొత్త దొంగలా కనపడుతుంది.

మాకు జరిగిందీ అదే. రౌటర్ పాడైందని కనెక్షన్ కుర్రాడు వచ్చి ఇంకోటి పెట్టి, వైఫై పేరు తనకి తోచింది పెట్టి వెళ్లిపోయాడు. చేసిందంతా గంగలో కలిసింది. పేజీలోకి వెళ్దామంటే అడ్మిన్ పాస్‌వర్డ్ చెప్పలేదు, దానికి నాలుగు రోజులు ఫోన్లు చేశాను. ఈసారి పేర్లు, నంబర్లు, మ్యాక్‌లు ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించాను.

మీ టెక్నాలజీ పేజీలో కొత్త ఫోన్ల ధరలు వారం వారం వేస్తున్నారు, సంతోషం. ఒక్క వారం రౌటర్ పేజీ ఎలా తెరవాలో, కనెక్షన్ పెట్టిన రోజే అడ్మిన్ పాస్‌వర్డ్ ఎందుకు అడిగి తీసుకోవాలో బొమ్మలతో వేయండి. పై వాటా కుర్రాడికి సారీ చెప్పాను, బీరువాలో అంటించిన ఆ పట్టిక గీసిపెట్టింది కూడా అతనే.

ఇట్లు
ఒక పాఠకుడు, తణుకు