ఆ గీత మీద సున్నా రాయకు, బుజ్జీ

చిరంజీవి బుజ్జికి,

నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం.

ఆదివారం ఫోన్‌లో నువ్వు చెప్పిన సంగతి మనసులోంచి పోవడం లేదు. స్నేహితురాలి పుట్టినరోజని డాలస్‌లో ఆరుగురు కలిసి భోజనానికి వెళ్లారు. తిండి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఒకటి చెబితే ఇంకొకటి తెచ్చారు. నీళ్లు రెండుసార్లు అడగాల్సి వచ్చింది. 140 డాలర్ల బిల్లు మీద టిప్పు రాసే గీత దగ్గర సున్నా పెట్టి వచ్చేశామన్నావు. "వాళ్లకి బుద్ధి రావాలి నాన్నా" అన్నావు. పక్కన మీ అమ్మ ఉందని అప్పుడేమీ అనలేదు.

నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఇంటర్ తప్పాక, 1988లో, పద్నాలుగు నెలలు విజయవాడ పాత బస్టాండు దగ్గర ఒక టిఫిన్ హోటల్లో సర్వర్‌గా చేశాను. ఒకరోజు దోసెల మాస్టరు రాలేదు. పెనం దగ్గర ఒక్క కుర్రాడే ఉన్నాడు. నాకు ఏడు బల్లలు. లోపలికి వెళ్లి బతిమాలడం, బయటికొచ్చి "రెండే నిమిషాలండీ" అని అబద్ధం చెప్పడం, పొద్దున్నంతా అదే పని. ఒకాయన కోపంగా లేచి గల్లాపెట్టె దగ్గర నా మీద ఫిర్యాదు చేసి, బిల్లు కట్టకుండా వెళ్లిపోయాడు. ఆ డబ్బు సాయంత్రం నా కూలిలో కోశారు. ఎందుకు ఆలస్యమైందని ఆయన నన్ను అడగనేలేదు.

అందుకే మీ పెద్దత్త కొడుక్కి ఫోన్ చేసి అక్కడి పద్ధతి కనుక్కున్నాను. మీ డాలస్ ఉన్న టెక్సాస్‌లో టిప్పుల మీద బతికే సర్వర్‌కి యజమాని గంటకి 2.13 డాలర్లు ఇస్తే సరిపోతుందట. 1991 నుంచి ఆ అంకె మారలేదు. టిప్పులు కలిపినా గంటకి కనీస వేతనం 7.25 డాలర్లు రాకపోతే తేడా యజమాని వెయ్యాలి, అంతకుమించి పూచీ లేదు. కాలిఫోర్నియాలో అలా కాదు, టిప్పుతో పని లేకుండా కనీస వేతనం మొత్తం ఇవ్వాల్సిందే. పైగా చాలా చోట్ల సర్వర్ తన టిప్పుల్లోంచి బల్లలు తుడిచేవాళ్లకీ వాటా ఇవ్వాలి. అంటే మీ సున్నా వంటవాడికీ తగల్లేదు, యజమానికీ తగల్లేదు. మీకు వడ్డించిన అమ్మాయికే తగిలింది.

నోరు మూసుకుని భరించమని నేను చెప్పడం లేదమ్మా. ఆలస్యమైనప్పుడే పిలిచి అడుగు. తప్పు వంటకం వస్తే ముట్టుకోకుండా వెనక్కి పంపు. వినకపోతే మేనేజరుని పిలువు, బిల్లులోంచి ఆ వంటకం తీసేసే అధికారం ఆయనకే ఉంటుంది. మనిషే మర్యాద తప్పి మాట్లాడితే టిప్పు తగ్గించు, కానీ ఎందుకు తగ్గించావో చెప్పి తగ్గించు. ఇంకో మాట, ఆరుగురు, ఎనిమిది మంది వెళ్తే కొన్ని చోట్ల టిప్పు కింద 18 శాతం బిల్లులోనే కలిపేస్తారట. ముందు అది చూసుకో.

నువ్వు వెళ్లే ముందు హైదరాబాద్‌లో మనం తిన్న చోట బిల్లులో సర్వీస్ ఛార్జి వేశారు, గుర్తుందా? అది కట్టి తీరాలని ఎవరినీ బలవంతపెట్టకూడదని 2022 జూలైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ చెప్పిందని వాదించి తీయించావు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటే నిలబెట్టింది. ఆ రోజు నాకు గర్వంగా అనిపించింది. అంతకన్నా ఎక్కువ సంతోషం ఎప్పుడు కలిగిందంటే, బయటికొస్తూ నువ్వు ఆగి, మనకి వడ్డించిన అబ్బాయి చేతిలో వంద రూపాయలు పెట్టినప్పుడు.

140కి పదిహేను శాతమంటే 21 డాలర్లు. ఆరుగురికీ పంచితే తలా మూడున్నర. మిగతావాళ్లని అడగొద్దు. వీలు చూసుకుని ఆ హోటలుకి వెళ్లు. ఆ అమ్మాయి డ్యూటీలో ఉంటే ఆ 21 డాలర్లూ ఆమె చేతికే ఇవ్వు. ఈ నెల ఇబ్బందిగా ఉంటే చెప్పు, నేను పంపిస్తాను.

మీ నాన్న