నువ్వడిగిన స్టేషనరీ సంగతి

ఒరేయ్,

నీ ఉత్తరం మొన్న అందింది. అందరూ కులాసా అని రాశావు, సంతోషం. మేమూ బాగున్నాం. మిగతా కబుర్లు తర్వాత చెప్తాను గానీ, ముందు నువ్వు చివర్లో గిలికిన ఆ ప్రశ్న సంగతి చూద్దాం. “స్టేషనరీకి ‘ఏ’ పెట్టాలా, ‘ఈ’ పెట్టాలా? పదిసార్లు బట్టీ పట్టాను, పదకొండోసారి మళ్ళీ అదే అనుమానం” అన్నావు కదా. రెండ్రోజుల నుంచి నా బుర్రలో అదే తిరుగుతోంది.

బట్టీ పట్టావు కాబట్టే నిలవట్లేదురా. దాని కథ ఒక్కసారి వింటే ఇక మర్చిపోవు. లాటిన్లో స్టేషనారియస్ అంటే ఒకచోట స్థిరంగా ఉండేవాడు. మధ్యయుగాల ఐరోపాలో సరుకులు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముకునేవాళ్ళు చాలామంది. విశ్వవిద్యాలయాల దగ్గర పుస్తకాలు అమ్మేవాళ్ళు మాత్రం కదలకుండా కొట్టు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. అందుకని వాళ్ళకి స్టేషనర్ అని పేరొచ్చింది. లండన్లో 1403లోనే వాళ్ళకంటూ ఒక సంఘం ఏర్పడింది. ఆ స్టేషనర్ అమ్మే కాగితాలూ కలాలూ స్టేషనరీ. మనిషి పేరు చివర ‘ఈ, ఆర్’ ఉన్నాయి, సరుకు పేరులోనూ అదే ‘ఈ’. కదలకుండా నిలబడ్డది అనే అర్థమున్న ఇంకో స్టేషనరీకి ‘ఏ’. నిన్ను ఇన్నాళ్ళు తిప్పలు పెట్టిన ఆ రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలే!

పువ్వుకీ, గోధుమపిండికీ ఉన్న ఇంగ్లీషు మాటలు కూడా అంతే, పలకడం ఒకటే, స్పెల్లింగులు వేరు. ఫ్లవర్ అనే మాట మొదట పువ్వుదే. పిండి జల్లించాక దిగే మెత్తటి, మేలైన భాగాన్ని పిండిలో పువ్వు అనుకున్నారు. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వేసినప్పటికి కూడా అందులో పిండికి వేరే స్పెల్లింగ్ లేదు. ఆ సంగతి చదివిన రోజు నాకెంత ఆనందమేసిందో చెప్పలేను. మనం తప్పు అని ఎర్రసిరాతో కొట్టేసేది ఒకప్పుడు ఒప్పే!

మరి కొన్ని మాటలకి ఏ చుట్టరికమూ లేదు, కాలక్రమంలో శబ్దాలు కలిసిపోయాయి. రాత్రి అనే నైట్, గుర్రమెక్కిన వీరుడు నైట్ ఉన్నాయి చూడు. వీరుడి ముందున్న ‘కే’ని పాతకాలం వాళ్ళు నిజంగానే పలికేవాళ్ళు, రెండిట్లోనూ మధ్యనున్న ‘జీ, హెచ్’లని గొంతులోంచి ఖకారంలాగా పలికేవాళ్ళు. 1476లో కాక్స్టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా గడ్డకట్టడం మొదలైంది. నోరు మాత్రం ఆగలేదు, పలకడం మారుతూనే పోయింది. సముద్రం ‘సీ’, చూడటం ‘సీ’ ఒకప్పుడు వేరువేరు అచ్చులే. ఇప్పుడు చెవికి రెండూ ఒకటే, పాత తేడా కాగితం మీద మిగిలింది.

ఇక మన నోటి వల్ల కలిసిపోయేవి కొన్నున్నాయి. ఇవి నాకు మరీ ముఖ్యం, ఎందుకంటే ఇంగ్లీషువాళ్ళు రాసిన పుస్తకాల్లో వీటి ఊసు పెద్దగా ఉండదు. చొక్కా లూజైంది అంటాం కదా? ఇంగ్లీషులో వదులుగా ఉన్నది లూస్, చివర సకారం, రెండు ‘ఓ’లు. పోగొట్టుకోవడం లూజ్, ఒకటే ‘ఓ’. మనం వదులుకి కూడా జకారం తగిలించేశాం, దాంతో రాసేటప్పుడు ఎన్ని ‘ఓ’లో తెలియదు. అలాగే మనకున్నది ఒకటే ‘వ’. తడిసినది వెట్, పశువుల డాక్టరు వెట్. పెదవులు సున్నా చుట్టి పలికేది తడి, పైపళ్ళు కింది పెదవికి తగిలించి పలికేది డాక్టరు. అద్దం ముందు నిలబడి రెండూ ఒకసారి అని చూడు.

అయితే మన యాస ఒకచోట ముంచినా ఇంకోచోట ఒడ్డున వేస్తుంది. పోయినేడు ఒక కాలేజీకి దరఖాస్తు పెట్టాను. పంపేశాక రాత్రి మళ్ళీ చదువుకుంటే మొదటి వరుసలోనే, ప్రిన్సిపాల్ అని ఆ పెద్దాయన హోదా రాయాల్సినచోట నియమం, సూత్రం అనే అర్థమొచ్చే ప్రిన్సిపుల్ ఉంది. చివర ‘ఏ, ఎల్’ బదులు ‘ఎల్, ఈ’ కొట్టాను. కంప్యూటర్ ఎర్రగీత పెట్టలేదు, అదీ అసలైన మాటే కదా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అలా దొర్లుతుంటే తట్టింది: మనం ఎప్పుడూ ప్రిన్సిపాల్ అనే అంటాం, ‘పా’ అని సాగదీసి. ఆ ‘పా’లోనే ‘ఏ’ ఉంది! ఇంగ్లీషువాళ్ళ నోట్లో పోయిన తేడా మన నోట్లో భద్రంగా ఉంది. వడ్డీ లెక్కల్లో అసలుకీ ఆ ‘పా’ ఉన్న స్పెల్లింగే.

ఇట్స్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ‘అది ఇలా ఉంది’ అని విడదీయగలిగితే పైన కామా లాంటి గుర్తు పెట్టు, ‘దాని’ అనే అర్థమైతే వద్దు.

అర్థం అంటే గుర్తొచ్చింది. మీ అబ్బాయి పోయిన ఉత్తరంలో “నాకు అర్ధం కాలేదు” అని రాశాడు. ధకారం పెడితే సగం అవుతుంది, భావం అనాలంటే థకారం. వాణ్ణి కోప్పడకు, పెద్దవాళ్ళం మనలోనే చాలామంది అలా రాస్తున్నాం. ఇంగ్లీషు మాటలకి నువ్విన్ని తంటాలు పడుతున్నావు కదా, వాడితో కూర్చుని ఈ ఒక్కటీ ఓ సాయంత్రం చెప్పు.

మెచ్చుకోలుకీ, లోటు పూరించడానికీ ఇంగ్లీషులో రెండు కాంప్లిమెంట్లున్నాయి. నిఘంటువు తీసి వాటి పుట్టుపూర్వోత్తరాలు నువ్వే చూసి నాకు రాయి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
నేను