పీఎల్‌సీ పాఠాల్లో ఇన్‌పుట్ మాడ్యూల్‌కూ చోటివ్వాలి

సంపాదకులకు,

అయ్యా,

పరిశ్రమల్లో పీఎల్‌సీ (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంప్యూటర్) ప్రోగ్రామింగ్ నేర్చుకోదలచిన విద్యార్థుల కోసం పత్రికల్లో వస్తున్న వ్యాసాలు చాలావరకు ల్యాడర్ బొమ్మతో (ప్రోగ్రాంను నిచ్చెన మెట్లలా గీసే పద్ధతి) మొదలై దానితోనే ముగుస్తున్నాయి. బయటి నుంచి వచ్చే సంకేతం ఏ మాడ్యూల్‌కు (సంకేతాలను లోపలికి తీసుకునే విభాగం), అందులో ఏ ఛానెల్‌కు (ఒక్కో సంకేతం చేరే దారి), ఏ పరిధిలో అందుతోందో, ప్రోగ్రాంలో ఏ వేరియబుల్‌గా మారుతోందో ఎవరూ చెప్పడం లేదు. లాజిక్ తప్పితే చాలాసార్లు యంత్రమే ఆగి ఆ తప్పును బయటపెడుతుంది. ఛానెల్ సెట్టింగ్ తప్పితే మాత్రం యంత్రం నడుస్తూనే ఉంటుంది, తెర మీద అంకె కూడా నమ్మేటట్టే ఉంటుంది.

0 నుంచి 10 బార్ల పీడనాన్ని కొలిచి, 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు ఇచ్చే ట్రాన్స్‌మిటర్ ఒకటి ఉందనుకుందాం. ఆ ఛానెల్‌ను 0–20కి పెట్టి వదిలేస్తే, పీడనం లేనప్పుడు 2 బార్లు, నిజంగా 5 బార్లు ఉన్నప్పుడు 6 బార్లు చూపుతుంది. 10 బార్ల దగ్గర రెండు సెట్టింగులూ ఒకే అంకె చూపుతాయి కనుక, అక్కడ మాత్రమే సరిచూసి సంతకం పెట్టినవారికి తేడా కనబడదు. ఇక తీగ తెగితే అసలు ప్రమాదం. కరెంటు సున్నాకు పడిపోతే అది కొలత కాదు, లోపం అని పసిగట్టడానికే 4 దగ్గర మొదలయ్యే పరిధి వాడుకలో ఉంది. పరిశ్రమల్లో ఆటోమేషన్ వాడేవారి సంఘం నామూర్ ఇచ్చిన ఎన్ఈ 43 సిఫారసు 3.6 మిల్లీ ఆంపియర్లనూ, అంతకు తక్కువనూ లోపంగానే లెక్కిస్తుంది. 0–20లో పెట్టిన ఛానెల్ మాత్రం తెగిన తీగను లోపంగా పసిగట్టదు, పీడనం సున్నా అనే చూపుతుంది.

వేరియబుల్ రకం దగ్గరా ఇలాంటి చిక్కే ఉంది. సీమెన్స్ ఎస్7 మాడ్యూళ్లలో పరిధి చివర 27648 అనే పూర్ణాంకం వస్తుంది. దాన్ని బార్లలోకి మార్చే లెక్కను 16 బిట్ల ఇంట్‌లోనే (పూర్ణాంకాల రకం) నడిపి, ముందుగా 27648తో భాగిస్తే సగం పరిధి దగ్గరా జవాబు సున్నాయే. ముందుగా 10తో గుణిస్తే 32767 దాటి పొర్లిపోతుంది. రియల్‌కు (దశాంశాల రకం) మార్చి లెక్క కట్టాలన్న ఒక్క వాక్యం పాఠంలో ఉంటే చాలు. డిజిటల్ ఇన్‌పుట్‌లలో ఫిల్టర్ సమయం (సంకేతం నిలకడగా ఉందో లేదో చూసే వ్యవధి) కన్నా పల్స్ పొట్టిదైతే ప్రోగ్రాం దాకా అది చేరనే చేరదు.

పేర్ల సంగతి చిన్నదిగా తోస్తుంది గానీ, రాత్రి షిఫ్టులో ఆగిన యంత్రం ముందు నిలబడ్డ మెయింటెనెన్స్ మనిషికి ‘టెంప్2’ అన్న ట్యాగ్ (వేరియబుల్ పేరు) ఉష్ణోగ్రతో తాత్కాలిక విలువో తేలదు. 1993లో తొలిసారి వెలువడిన పీఎల్‌సీ భాషల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61131-3 ప్రకారం వేరియబుల్‌కు పేరు, రకం, చిరునామా (అది ఏ ఛానెల్‌దో చెప్పే గుర్తు) ఒకేచోట ప్రకటించుకోవచ్చు. ఛానెల్ కాలిపోయి తీగను పక్కదానికి మార్చినప్పుడు ఆ ఒక్క వరుస దిద్దితే సరిపోతుంది. చిరునామాలను ప్రోగ్రాం నిండా చల్లుకున్నవారు వెతుక్కుంటూ కూర్చోవాలి.

మీ పత్రికలో ఇకపై వచ్చే వ్యాసాల్లో కనీసం ఒక్క ఛానెల్‌నైనా టెర్మినల్ స్క్రూ నుంచి మొదలుపెట్టి, సెట్టింగ్, స్కేలింగ్ (అంకెను కొలతగా మార్చడం), ట్యాగ్ దాకా చూపించాకే ల్యాడర్‌లోకి వెళ్లమని రచయితలను కోరవలసిందిగా మనవి. తీగ ఊడదీసి తెర మీద ఏమి వస్తుందో చూసే పరీక్షకు కూడా నాలుగు వాక్యాలు కేటాయించమనండి.

ఇట్లు,
ఒక ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరు