చెయ్యి విరిగిన వేసవిలో నన్ను నిలబెట్టినవాళ్ళకు

అందరికీ నమస్కారం. ఈ పోస్టు జులైలోనే రాయాల్సింది. కుడిచేతికి కట్టుతో ఫోన్‌లో రెండు ముక్కలు కొట్టడమే గగనమైపోయింది. ఇప్పుడు వేళ్ళు బాగానే ఆడుతున్నాయి.

నన్ను ఎరగనివాళ్ళ కోసం నాలుగు మాటలు. మాది మిర్యాలగూడ. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి రిటైరయ్యాను. మావారు పోయాక ఇల్లు అమ్మేసి, ఓ చిన్న మోటార్‌హోమ్ (మంచం, సింకు, టాయ్‌లెట్ లోపలే ఉండే బండి) కొనుక్కుని ఒక్కదాన్నే తిరుగుతున్నాను. వేసవిలో సౌత్ డకోటా రాష్ట్రంలోని బ్లాక్ హిల్స్‌లో, హిల్ సిటీ దగ్గర, జనం టెంట్లూ ఇలాంటి బండ్లూ పెట్టుకుని దిగే ఒక ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లో పని చేస్తాను. వర్క్‌క్యాంపింగ్ అంటారు. వారానికి ఇన్ని గంటలని ఒప్పుకుంటే బండి పెట్టుకోవడానికి సైటు, కరెంటు, నీళ్ళు, మురుగు కనెక్షన్ వాళ్ళే ఇస్తారు, గంటకింతని జీతం కూడా. ఖాళీ అయిన సైట్లలో ఫైర్ రింగుల్లో (చలిమంట వేసుకునే చోట్లు) బూడిద ఇనప బకెట్లోకి ఎత్తడం, బాత్‌రూములు కడగడం, కట్టెల మోపులు అమ్మడం, రాత్రి పది దాటాక పాటలు పెట్టినవాళ్ళ దగ్గరికెళ్ళి నవ్వుతూనే ఆపించడం నా డ్యూటీ. "అమెరికాలో ఇన్నేళ్ళు ఉద్యోగం చేసి ఇప్పుడు బాత్‌రూములు కడగడమేంటమ్మా" అన్నాడు మా అబ్బాయి మొదట్లో. ఇంట్లో ఇన్నేళ్ళూ కడిగిందెవరురా అన్నాను. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

జులైలో ఒక సాయంత్రం వడగళ్ళ వాన పట్టుకుంది. మనం చిన్నప్పుడు గిన్నె పట్టుకుని ఏరుకున్న వడగళ్ళు కావివి. అమెరికా రికార్డుల్లోకెక్కిన అతిపెద్ద వడగల్లు ఈ రాష్ట్రంలోనే, వివియన్ దగ్గర 2010 జులై 23న పడింది. 8 అంగుళాల వ్యాసం, దాదాపు 880 గ్రాముల బరువు. మా దగ్గర పడ్డవి నిమ్మకాయంతే. నా బండి కప్పు మీద గాలి కోసం ఉండే మూడు వెంట్ల ప్లాస్టిక్ మూతలకి ఆ నిమ్మకాయలే ఎక్కువైపోయాయి. మూడూ పగిలి, నీళ్ళూ గడ్డలూ నేరుగా మంచం మీద పడుతున్నాయి. సాయానికి పిలుద్దామని బయటికి దిగితే మెట్టు మీద పేరుకున్న గడ్డల మీద కాలు జారింది. చెయ్యి ఆనించాను. మణికట్టు దగ్గర చప్పుడు నాకే వినబడింది.

మామూలుగా చెయ్యి విరిగితే చెయ్యి ఒక్కటే విరుగుతుంది. ఒంటరిగా తిరిగే వర్క్‌క్యాంపర్‌కి అలా కాదు. పని చేస్తేనే సైటు. పని ఆగిపోతే ఇన్ని గంటల్లో ఖాళీ చేయాలని మేం సంతకం పెట్టే కాగితంలోనే ఉంటుంది. ఖాళీ చేద్దామంటే బండి నడపడానికి చెయ్యి లేదు. ఇల్లూ, ఉద్యోగమూ, వాహనమూ మూడూ ఒకే దెబ్బకి ఆగిపోయాయి. ర్యాపిడ్ సిటీ ఆసుపత్రిలో ఎక్స్‌రే కోసం కూర్చున్నంతసేపూ నాకున్న టెన్షన్ నొప్పి గురించి కాదు, ఈ కాగితం గురించే.

ఆ ఆసుపత్రికి నన్ను తీసుకెళ్ళింది పక్క సైటు దంపతులు. వాళ్ళూ మాలాగే వర్క్‌క్యాంపర్లు, ఒహైయో వాళ్ళు. పేర్లు రాయొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. ఆమె నన్ను కారెక్కించుకుని వెళ్తే, డెబ్భై దాటిన ఆయన ఆ వానలోనే నిచ్చెనెక్కి నా కప్పు మీద టార్పాలిన్ కప్పి కట్టాడు. మర్నాడు ఊళ్ళోంచి కొత్త మూతలు తెచ్చి బిగించాడు. వెంట్లు ఎక్కువగా 14 అంగుళాల చదరంలోనే ఉంటాయి, సైజు వెతుక్కునే బాధ ఉండదని నాకు అప్పుడే తెలిసింది. చుట్టూ సీలెంట్ పూస్తూ, "ఇది ఆరేదాకా వాన పడితే దేవుడితో నేను మాట్లాడతాను" అన్నాడు.

అంతకంటే పెద్ద సాయం ఇంకొకటుంది. చెప్పాలంటే కొంచెం మొహమాటమే, అయినా చెప్పాలి. బండిలో టాయ్‌లెట్‌ది బ్లాక్ ట్యాంక్, సింకూ షవరూ నీళ్ళది గ్రే ట్యాంక్. నిండేకొద్దీ పైపు తగిలించి ఖాళీ చేయాలి. ముందు బ్లాక్ వదిలి, తర్వాత గ్రే వదిలితే ఆ సబ్బునీళ్ళతో పైపు కడుక్కుపోతుంది. ఆ వాల్వు లాగడానికి బలం కావాలి, పైపు పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి. కట్టు విప్పేదాకా ఆవిడే చేతులకి గ్లోవ్స్ తొడుక్కుని నా బ్లాక్ ట్యాంక్ ఖాళీ చేసింది. ఒక్కసారి కూడా నాచేత అడిగించుకోలేదు. మన దగ్గర సొంత చుట్టాల్లో ఈ పని చేసేవాళ్ళు ఎందరుంటారో మీరే లెక్కేసుకోండి.

మేనేజర్ గారికి రెండో నమస్కారం. ఆ కాగితం మాట ఆవిడ ఎత్తనే లేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే, "బాత్‌రూములు మేం చూసుకుంటాం, నువ్వు ఆఫీసులో కూర్చుని ఎడమచేత్తో ఫోన్లెత్తు" అంది. అదీ ఎప్పుడు? ఆగస్టు మొదట్లో స్టర్గిస్ మోటార్‌సైకిల్ ర్యాలీ ముంచుకొస్తున్నప్పుడు. 1938లో మొదలైన ఆ ర్యాలీకి ఇప్పుడు లక్షల్లో జనం వస్తారు. ఈ కొండల్లో ఒక్క సైటు ఖాళీ ఉండదు, ఒక్క మనిషికి తీరిక ఉండదు. నా వాటా పని మిగతావాళ్ళు పంచుకున్నారు. గడ్డాలు, తోలు జాకెట్లతో వచ్చిన బైకుల వాళ్ళు నా కట్టు చూసి, కట్టెల మోపులు తామే మోసుకెళ్ళి డబ్బులు బల్ల మీద పెట్టి వెళ్ళేవారు.

ఇక మనవాళ్ళ సంగతి. కొండరాతిలో నలుగురు అమెరికా అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్మోర్ చూడ్డానికి మినియాపొలిస్ నుంచి ఒక తెలుగు కుటుంబం వచ్చి మా దగ్గర క్యాబిన్ తీసుకుంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, గుంటూరు నుంచి వచ్చిన ఆ అమ్మాయి వాళ్ళ అమ్మగారు. కౌంటర్ దగ్గర ఎడమచేత్తో తంటాలు పడుతూ సంతకాల కాగితం జరుపుతుంటే ఆవిడ నా జుట్టు చూశారు. అప్పటికి ఎన్నాళ్ళనుంచో జడ లేదు, ఒక క్లిప్పు పెట్టి వదిలేశాను. "సాయంత్రం దువ్వెన పట్టుకుని రామ్మా" అన్నారు. వెళ్ళాను. క్యాబిన్ మెట్ల మీద కూర్చోబెట్టి, చిక్కు తీసి, నూనె రాసి, బిగించి జడ వేశారు. తర్వాత కంచం నా చేతికివ్వలేదు. ఎడమచేత్తో స్పూను పట్టుకుని అన్నం తినడం నాకు ఎంత విసుగ్గా ఉందో నేను చెప్పకుండానే తెలిసినట్టు, ముద్దపప్పూ ఆవకాయా కలిపి ముద్దలు పెట్టారు. అరవై దాటిన నాకు. వాళ్ళ మనవడు పక్కన నిలబడి "అమ్మమ్మా, ఆంటీ బేబీనా?" అని అడిగితే నవ్వలేక పొలమారింది.

మర్నాడు ఆవిడ బాత్‌రూముల దగ్గర చీపురందుకోబోతే నేనే ఆపాను. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు జీతం తీసుకోకపోయినా ఇలాంటి పని చేయకూడదు. మేమూ వర్క్‌క్యాంపింగ్‌కి రావచ్చా అని అడిగే మన పిల్లలకీ ఇదే చెప్తాను: ఉచిత సైటు కూడా జీతం కిందే లెక్క. సిటిజన్లకీ గ్రీన్‌కార్డు వాళ్ళకీ ఇబ్బంది లేదు, వేరే వీసాల మీదున్నవాళ్ళు లాయర్‌ని అడక్కుండా దిగొద్దు.

నాలాగా ఒంటరిగా బయల్దేరాలనుకునే ఆడవాళ్ళకి రెండు సంగతులు చెప్పాలి. నాది ఒరిజినల్ మెడికేర్ (పెద్దవాళ్ళకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా), అది కట్టని ఖర్చుల కోసం సప్లిమెంట్ అనే ప్రైవేటు పాలసీ కలుపుకున్నాను. మెడికేర్ తీసుకునే డాక్టరు ఏ రాష్ట్రంలో ఉన్నా చూస్తాడు. దాని బదులు ప్రైవేటు కంపెనీల ద్వారా తీసుకునే అడ్వాంటేజ్ ప్లాన్లలో చాలావాటికి నెట్‌వర్క్ గొడవ, అంటే వాళ్ళ జాబితాలోని డాక్టర్ల దగ్గరికే వెళ్ళాలనే గొడవ ఉంటుంది. ఎమర్జెన్సీ వరకు ఎక్కడైనా నడుస్తుంది గానీ, తర్వాత ఫిజియోథెరపీకి తిప్పలు పడాలి. రెండోది, అల్మరా తలుపు లోపల ఒక కాగితం అతికించి ఉంచండి: మీ మందులు, పిల్లల ఫోన్ నంబర్లు, ప్రొపేన్ గ్యాస్ వాల్వు ఎక్కడుందో, స్పేర్ తాళం ఎక్కడుందో. ఆ రాత్రి మా అబ్బాయికి ఫోన్ వెళ్ళింది ఆ కాగితం వల్లే. అరిజోనాలో చలికాలం నా పక్కన బండి పెట్టుకున్న ఒక పెద్దావిడ దగ్గరుండి రాయించింది. ఆవిడకీ నా దండాలు.

ఆగస్టు చివర కట్టు విప్పారు. సెప్టెంబరంతా మళ్ళీ బూడిద బకెట్లు ఎత్తాను, కాస్త నెమ్మదిగా. గడ్డకట్టే చలి మొదలయ్యేలోపు నీళ్ళ పైపులు ఖాళీ చేసి క్యాంప్‌గ్రౌండ్ మూసేశారు. నేను నా బండి నేనే నడుపుకుంటూ దక్షిణానికి వచ్చేశాను. ఒహైయో దంపతులు నార్త్ డకోటా, మిన్నెసోటా సరిహద్దులోని రెడ్ రివర్ లోయలో షుగర్ బీట్ (చక్కెర తీసే దుంప) కోతలకి వెళ్ళారు. అక్కడ పన్నెండేసి గంటల షిఫ్టులు, ఎండ ముదిరితే దుంప కుళ్ళిపోతుందని, మరీ చలైతే గడ్డకడుతుందని పని ఆపేస్తారట. చెప్పులు జారకుండా చూసుకోమని నేను వాళ్ళకి జాగ్రత్తలు చెప్తుంటే ఇద్దరూ ఒకటే నవ్వు.

వచ్చే మే నెలలో మళ్ళీ అక్కడికే వెళ్తున్నాను. రష్మోర్ వైపు వచ్చే తెలుగువాళ్ళు ముందుగా ఒక మెసేజ్ పెట్టండి, చారైనా కాచిపెడతాను.

మినియాపొలిస్ అమ్మాయీ, ఇది చదువుతుంటే నాకు మెసేజ్ చెయ్యమ్మా. మీ క్యారేజీలో మధ్య గిన్నె నా దగ్గరే ఉండిపోయింది. అమ్మగారు గుంటూరు వెళ్ళేలోపు పంపించాలి, అడ్రస్ ఇవ్వు.