రాహెల్ అవర్‌బాఖ్ గురించి నీకు

ప్రియ మిత్రమా,

ప్రత్యక్ష సాక్షుల మాటలను కాగితం మీద పెట్టినంత మాత్రాన అవి చరిత్ర అవుతాయా అని కిందటి ఉత్తరంలో అడిగావు కదా. నెల రోజులుగా నా మనసును వదలని రాహెల్ అవర్‌బాఖ్ గురించి చెబితే అదే నీకు జవాబు అవుతుందనిపించింది.

ఆమె రెండో ప్రపంచయుద్ధానికి ముందే పోలండ్ రాజధాని వార్సాలో పత్రికా రచయిత్రి. నాజీలు యూదులను ఘెట్టోలో గోడ కట్టి బంధించిన రోజుల్లో, చరిత్రకారుడు ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ కోరిక మీద లెష్నో వీధి 40వ నంబరు ఇంట్లో పేదలకు సూప్ పోసే వంటశాలను నడిపారు. ఆ నీళ్ళ సూప్ ఎవరి ప్రాణాన్నీ నిలపలేదని ఆమెకు తెలుసు. అయినా గిన్నె పట్టుకుని వచ్చి, ఒంటికి నీరు పట్టి, ఒకరోజు రావడం మానేసిన మనుషుల గురించి రింగెల్‌బ్లూమ్ రహస్య భాండాగారం ‘ఓనెగ్ షబ్బెస్’ కోసం రాస్తూనే ఉన్నారు.

నాజీల హత్యా శిబిరం ట్రెబ్లింకా నుంచి తప్పించుకొచ్చిన అబ్రహాం క్షెపిత్స్కి అనే యువకుడి వాంగ్మూలాన్ని 1942 చివర్లో ఆమె రాసుకున్నారు. దాదాపు వంద పేజీలు! స్వయంగా చేయి తిరిగిన రచయిత్రి అయి ఉండి కూడా, అతడి కథను అతడి నోటితోనే, ‘నేను’ అంటూనే సాగనిచ్చారు. ఆమె రాసినవాటన్నిటిలోనూ నాకు అదే గొప్పగా తోస్తుంది.

1943లో ఘెట్టో దాటి, యూదురాలినన్న సంగతి దాచి పోలిష్ స్త్రీగా బతికారు. ఒకనాడు ట్రామ్‌లో, కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి తల వెనక్కి వాల్చి, తనలో తాను మాట్లాడుకుంటూ ఏడవడం చూశారు. అలా నలుగురిలో ఏడ్చే వీలు రాహెల్‌కు లేదు. ఏడిస్తే యూదురాలని బయటపడిపోతుంది. ఆ ఏడుపే ఆ ఏడాది నవంబరులో, చనిపోయిన తనవాళ్ళందరి కోసం రాసిన ‘యిజ్‌కోర్’ (యూదులు చనిపోయినవారిని తలుచుకునే ప్రార్థన పేరు అది) అయింది.

ఓనెగ్ షబ్బెస్ బృందంలో యుద్ధం దాటి మిగిలింది ముగ్గురే, వారిలో ఆమె ఒకరు. శిథిలాలు తవ్వి, నేలలో పాతిపెట్టిన ఆ భాండాగారం కాగితాలను వెలికితీయాలని పట్టుబట్టారు. 1946 సెప్టెంబరులో నొవొలిప్కి వీధి 68వ నంబరు కింద మొదటి పెట్టెలు దొరికాయి. తరువాత ఇజ్రాయెల్ వెళ్ళి, 1954 నుంచి, నాజీల చేతిలో చనిపోయిన యూదుల స్మారక సంస్థ యాద్ వాషెంలో సాక్ష్యాల సేకరణ విభాగాన్ని నడిపారు. 1961లో, యూదుల సామూహిక హత్యల్లో ముఖ్యపాత్ర వహించిన నాజీ అధికారి ఐఖ్‌మన్ విచారణకు సాక్షులను ఎంచడంలో సాయపడి, తానూ బోనులో నిలబడి చెప్పారు.

1950 డిసెంబరులో అదే నొవొలిప్కి నేలలోంచి రెండు పాలక్యాన్లు బయటపడ్డాయి. క్షెపిత్స్కి చెప్పగా ఆమె రాసుకున్న పేజీలు వాటిలోనే ఉన్నాయి. చెప్పినవాడు మాత్రం 1943 ఏప్రిల్‌లో, ఘెట్టో తిరుగుబాటులోనే నేలకొరిగాడు.

ఇట్లు,
నీ మిత్రుడు