మా పాప సైకిల్ చూసి ఆగిన అన్నకు

రైడ్ మొదలయ్యే ముందు మా పాప సైకిల్ దగ్గర ఆగిన అన్నా, మీకు చాలా చాలా థ్యాంక్స్. పేరు అడిగేలోపే వెళ్లిపోయారు. ముందు బ్రేకు రబ్బరు రిమ్ముకు కాకుండా టైరు అంచుకు తగులుతోందని మీరే కనిపెట్టారు. అలాగే తొక్కితే టైరు పక్కభాగం అరిగి ట్యూబు పేలిపోతుంది. అదీ దిగుడులో అయితే! తలుచుకుంటేనే గుండె దడ. అలెన్ కీతో బోల్టు వదులు చేసి, రబ్బరును కాస్త కిందికి దించి, బ్రేకు నొక్కిపెట్టి మరీ బిగించారు. అంత ఓపిగ్గా సొంతవాళ్లు కూడా చేయరు. హెల్మెట్ పట్టీ సర్దారు, గాలి ఎంత ఉండాలో టైరు మీదే రాసి ఉంటుందని పాపకు చూపించారు. ఇప్పుడది రెండు బ్రేకులూ నొక్కి చూసుకోనిదే సైకిల్ ఎక్కడం లేదు. మా ఇంటిల్లిపాది తరఫునా మీకు కృతజ్ఞతలు.